పదిహేను రోజుల్లోగా

"నా టేపుకి మేకు కొట్టారా?"

మా ఆయన చెట్టు పక్కన నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో పెన్సిలు. నేను బట్టలు కుట్టుకునే పసుప్పచ్చ టేపు బాదం చెట్టు మొదలు చుట్టూ తిరిగొచ్చింది. దాని మొదటి అంగుళం మేకుతో సహా బెరడులోకి దిగిపోయి ఉంది.

"ఒక్కణ్ణే ఉన్నాను. అవతలి కొస ఎవరు పట్టుకుంటారు?"

"పిలిస్తే వచ్చేదాన్ని కదా."

"పిలిస్తే ఎందుకంటావు, ఏమిటంటావు. నీకు జవాబు చెప్పేలోపు చెట్టు ఇంకో అంగుళం లావెక్కుతుంది."

"మీ స్పానరుతో నేను అల్లం దంచితే ఊరుకుంటారా?"

"దంచుకో. స్పానరుకేమీ చిల్లు పడదు."

"అయినా కొలవాల్సింది అక్కడ కాదు. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున కొలవాలి."

"ఎవడు చెప్పాడు?"

"రూల్సులో ఉంది."

"చెట్టుకి నడుమెక్కడో కూడా వాళ్లే చెబుతారా?"

కిటికీలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "ఏమర్రా, ఒకే లైన్లో ఇద్దరూ మాట్లాడుతున్నారు. ఎవరో ఒకరు పెట్టేయండి."

ఆవిడ ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఊరందరి మాటలూ కలిపి, తను మాత్రం మధ్యలో నోరెత్తకుండా కూర్చున్న మనిషి. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు.

మా ఆయన మేకు పీకాడు. టేపు కొస చిరిగింది. ఆయన లోపలికి వెళ్లాక నేనే సరైన ఎత్తున మళ్లీ కొలిచాను. నలభై తొమ్మిది అంగుళాలు. చుట్టుకొలత రెండడుగులు దాటిన చెట్టుకి అనుమతి కావాలి. ఎక్కడ కొలిచినా ఇది దాటుతుంది కాబట్టి పోట్లాట అనవసరమే. కానీ కాగితం మీద పడే అంకె సరైన చోట కొలిచిన అంకె కావాలని నా పట్టుదల.

అప్పటికి ఆ ఇంట్లో నలుగురం. నేను, లిఫ్టులు బాగుచేసే మా ఆయన, వేసవి సెలవుల్లో ఉన్న మా అమ్మాయి చిట్టి, అత్తయ్య. అత్తయ్యకి మూత్రపిండాలు పాడై రెండేళ్లయింది. సోమ, బుధ, శుక్రవారాల్లో పదింటికల్లా ఆస్పత్రిలో ఉండాలి. నాలుగు గంటలపాటు ఒంట్లో రక్తం యంత్రంలోకి వెళ్లి, శుభ్రపడి తిరిగి రావాలి. ఆ వేసవి మొదట్లో, చేతిలో సూది గుచ్చే నరం రెండోసారి మూసుకుపోయింది. ఎలాగో తెరిచి, ఇక ఎక్కువ రోజులు నిలవదని డాక్టరు ఇంకో దారి చెప్పాడు. పొట్టకి చిన్న గొట్టం పెట్టి, సంచీలోంచి నీళ్లు ఎక్కించి దించే పద్ధతి. ఇంట్లోనే చేసుకోవచ్చు, రోజుకి నాలుగుసార్లు. కాకపోతే దానికి తలుపు మూసుకునే గది ఉండాలి, గోడలు కడగడానికి వీలుగా పలకలుండాలి, చేతులు కడుక్కునే కుళాయి లోపలే ఉండాలి. దుమ్ము పనికిరాదు.

మాకున్నది ఒక హాలు, ఒక పడకగది, వంటిల్లు. అత్తయ్యా చిట్టీ హాల్లోనే ఒక తెర అడ్డం పెట్టుకుని పడుకునేవాళ్లు. గది కట్టడానికి చోటంటూ ఉంటే తూర్పు పక్కన పన్నెండడుగుల ఖాళీ ఒక్కటే. దాని నడిమధ్యన బాదం చెట్టు.

ఆగిపోయిన లిఫ్టుని ఆగిపోయినట్టే వదిలేసి ఇంటికి రావడం మా ఆయనకి తెలియదు. డాక్టరు చెప్పిన రోజునే తాపీ మేస్త్రీతో మాట్లాడి వచ్చాడు. "చెట్టు పోతే నెలరోజుల్లో గది లేపేస్తాడట," అన్నాడు.

అత్తయ్య మంచం మీద కూర్చుని వేళ్లు విరుచుకుంటోంది. ఏమీ అనలేదు. మేమూ ఏమీ అడగలేదు.

*

మునిసిపల్ ఆఫీసులో చెట్ల విభాగం మెట్ల కింద ఉంది. ఒక బల్ల, ఒక బీరువా, ఒక గుమాస్తా. చెవుల మీద తెల్ల వెంట్రుకలున్న పెద్దమనిషి. పన్నెండు పేజీల నిబంధనలు నా ముందు పెట్టి, "సాధారణంగా ఎవరూ చదవరమ్మా. వెనక పేజీలో సంతకం చేసి పోతారు," అన్నాడు.

"మన జాగాలో మన చెట్టు కొట్టుకోవడానికి వీళ్ల అనుమతేమిటని మా ఆయన అంటున్నారు," అన్నాను.

"అందరూ అదే అంటారు. చెట్టు మీదే, జాగా మీదే. నీడ మాత్రం సగం రోడ్డు మీద పడుతుంది కదా. ఆ సగం కోసం మేమున్నాం."

ఆ మాట నాకు నచ్చింది. అక్కడి బెంచీ మీదే కూర్చుని పన్నెండు పేజీలూ చదివాను. ఎండుకొమ్మలు తీసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. పచ్చికొమ్మలైతే నాలుగో వంతు వరకు కొట్టుకోవచ్చు. గూట్లో గుడ్లుంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగాలి. ఒక చెట్టు తీస్తే రెండు మొక్కలు నాటాలి. చెట్టు ఎందుకు తీయాలో చెప్పడానికి నాలుగే కారణాలున్నాయి: ఎండిపోయింది, తెగులు పట్టింది, మీద పడేలా ఉంది, కట్టడానికి అడ్డుగా ఉంది. మాది నాలుగోది. నాలుగోదానికి ఇంటి గేటు మీద నోటీసు అంటించి పదిహేను రోజులు ఆగాలి. ఈలోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు.

"ఎవరైనా అంటే?" అన్నాను.

"ఎవరైనా. ఆ వీధిలో నడిచే మనిషైనా సరే. కానీ నోటిమాట చెల్లదు. రాసి ఇవ్వాలి."

ఇల్లు అత్తయ్య పేరున ఉంది. అర్జీ ఆవిడ పేరునే పెట్టాలి. సాయంత్రం నింపిన కాగితాలు తీసుకెళ్లి, సంతకం చేయాల్సిన చోట వేలు పెట్టి చూపించాను.

"ఇక్కడ అత్తయ్యా."

"దేనికే?"

"చెట్టుకి. తీసేయడానికి."

"చెట్టుకి కూడా సంతకమా?" కలం అందుకుంది. "ఉద్యోగంలో చేరినప్పుడూ ఇలాగే 'ఇక్కడ' అన్నారు. ఇల్లు రాయించినప్పుడూ 'ఇక్కడ' అన్నారు. మీ మామయ్య పోయిన రోజు ఆస్పత్రి వాళ్లూ 'ఇక్కడ' అన్నారు. నా జీవితమంతా ఎవరో ఒకరి వేలు పక్కనే సంతకం పెట్టాను."

నేను నవ్వాను. ఆవిడా నవ్వింది. కళ్లద్దాలు పెట్టుకోకుండానే సంతకం చేసింది. తెచ్చివ్వాలని నాకూ తోచలేదు.

*

చెట్లు కొట్టే మేస్త్రీని మా ఆయన ఆదివారం రమ్మన్నాడు. అతను రంపం మోసుకుని తిరగడు, కొలతకి తన రెండు చేతులూ చాలంటాడు. చెట్టుని కౌగిలించుకుని చూసి, "అర్జీ పెట్టేశారా?" అన్నాడు.

"పెట్టాం," అన్నాను.

"అయ్యో అమ్మగారూ. ముందు నాకొక మాట చెప్పాల్సింది. చెట్టు మొదట్లో నాలుగు చిల్లులు తొలిచి మందు పోసేవాణ్ణి. రెండు నెలల్లో ఎండిపోయేది. ఎండినదానికైతే నోటీసూ లేదు, అభ్యంతరం పెట్టి ఏళ్లు తిప్పేవాడూ లేడు. రెండు రోజుల్లో అనుమతి చేతికిస్తారు."

మా ఆయన నా వైపు చూశాడు. "ఇప్పుడైనా ఆలస్యం కాలేదు కదా?" అన్నాడు అతనితో.

"బతికున్నదాన్ని ఎండిందని నేను రాయను," అన్నాను.

"నువ్వు రాయకు, అదే ఎండుతుంది."

"మందు పోసింది మనమని నాకు తెలుసు కదా."

"ఇదిగో, ఈవిడతో ఇదే. అంతా కొలతే," అని మేస్త్రీకి చెప్పాడు. అతను మర్యాదగా పక్కకి చూశాడు.

అత్తయ్య వరండాలో కుర్చీలో ఉంది. "ఏమయ్యా," అంది మేస్త్రీతో. "ఆ రెండు నెలలూ చెట్టు ఎలా ఉంటుంది?"

"పైకేమీ తెలీదమ్మా. ఆకుపచ్చగానే కనబడుతుంది. లోపల మాత్రం అయిపోయినట్టే. చూసేవాళ్లు బాగానే ఉందనుకుంటారు."

"ఆహా," అంది అత్తయ్య. చెట్టు వైపు చూసి, "పాపం, దానికి మాత్రం తెలుస్తుంది కదా," అంది.

మేస్త్రీ ఆ మాటకి పెద్దగా నవ్వేశాడు.

మందు పోయలేదు. నా మాటే నెగ్గింది. అందుకు లోపల్లోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

*

నోటీసు గులాబీ రంగు కాగితం. ఒక ఉద్యోగి వచ్చి జిగురు పూసి గేటుకి అంటించి పోయాడు. అత్తయ్య గోడ పట్టుకుని నెమ్మదిగా గేటు దాకా నడిచింది. చిట్టి చేత కళ్లద్దాలు తెప్పించుకుని పైకి చదివింది.

"'ఈ ఆవరణలోని ఒక బాదం చెట్టు తొలగింపునకు అర్జీ అందినది. అభ్యంతరము గలవారు పదిహేను రోజుల్లోగా కారణములతో సహా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను.' గలవారు అంటే ఎవరే?"

"ఎవరైనా అత్తయ్యా. ఊళ్లో ఎవరైనా."

"మంచి రూలే," అంది. మళ్లీ ఒకసారి చదువుకుంది, ఈసారి లోపల.

మా భయమంతా ఎదురింటావిడ గురించే. ఆవిడ కారు రోజంతా మా చెట్టు నీడనే ఉంటుంది. గేటు ముందు ఆగి రెండుసార్లు నోటీసు చదివి వెళ్లడం మా ఆయన చూశాడు. అప్పట్నుంచి ఆవిడ కనబడితే నవ్వడం మానేశాడు.

తొమ్మిదో రోజున చెట్ల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చెట్టు చుట్టూ తిరిగి, పైకి చూసి, గూళ్లు లేవని రాసుకున్నాడు. నేను రాసిన కొలత తన టేపుతో సరిచూసి, "నలభై తొమ్మిది. కరెక్టుగా రాసినవాళ్లని ఇప్పుడే చూడటం," అన్నాడు. ఇంటి ప్లాను కావాలన్నాడు. నేను లోపలికి వెళ్లి బీరువా అంతా వెతికి ప్లాను తీసుకొచ్చేసరికి, వరండాలో అత్తయ్య ఇచ్చిన మంచినీళ్లు తాగుతున్నాడు. ఆవిడతో ఏదో అంటూ ఒక మడత కాగితం ఫైల్లో పెట్టుకున్నాడు. ఆఫీసు కాగితమే అనుకున్నాను.

"మంచి కుర్రాడు," అంది అత్తయ్య అతను వెళ్లాక. "చెప్పేది పూర్తయ్యేదాకా విన్నాడు."

పదిహేనో రోజు దాటిన మర్నాడు మునిసిపల్ ఆఫీసు నుంచి ఫోను. ఒక అభ్యంతరం వచ్చింది, ఎవరైనా వచ్చి నకలు తీసుకెళ్లండి అని. నేను చెప్పులు వేసుకునేలోపే మా ఆయన వీధి దాటేశాడు. ఎదురింటి గేటు ముందు ఆయన గొంతు మా వంటింట్లోకి వినిపించింది.

"మీ కారుకి నీడ కావాలని మా అమ్మ ప్రాణం మీదికి తెస్తారా?"

"ఎవరు తెచ్చారండీ? ఏం మాట్లాడుతున్నారు?"

"అభ్యంతరం పెట్టింది మీరు కాదూ?"

"నేనా? ఆ చెట్టు మీది పిట్టలు వేసే రెట్టలు కడగలేక నా చేతులు పడిపోతున్నాయి. రేపు కొట్టేస్తారంటే రంపం రెండో పక్క నేనే పట్టుకుంటా! నోటీసు చదివింది ఎప్పుడు కొడతారో చూద్దామనే."

నేను వెళ్లి ఆవిడకి క్షమాపణ చెప్పుకుని, అటునుంచి అటే మునిసిపల్ ఆఫీసుకి బయల్దేరాను.

*

గుమాస్తా నన్ను చూసి ఫైలు తీశాడు. వెంటనే ఇవ్వలేదు. దాని మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"అర్జీదారు మీ అత్తగారే కదమ్మా?"

"అవునండీ."

"ఇల్లు ఆవిడదే."

"అవును."

"ఇక్కడ ఒక చిక్కొచ్చింది." ఫైలు తెరిచి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి నేను నింపిన అర్జీ. రెండోది గీతల నోటుబుక్కు లోంచి చింపిన పేజీ. రెండింటి కిందా ఒకే సంతకం. "అర్జీదారూ ఆవిడే, అభ్యంతరదారూ ఆవిడే. ఇరవై రెండేళ్లుగా ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నాను. పక్కింటివాళ్లు పెడతారు, అన్నదమ్ములు పెడతారు, విడాకులు తీసుకున్నవాళ్లు కూడా ఒకళ్ల మీద ఒకళ్లు పెడతారు. తన మీద తనే పెట్టుకున్నవాళ్లని చూడలేదు."

"పొరపాటున…" అన్నాను.

"చదవండి ముందు."

అది చిట్టి లెక్కల నోటుబుక్కు కాగితం. అక్షరాలు అత్తయ్యవే, చిన్నవి, గుండ్రటివి, ఒకదానికొకటి తగలనివి.

"అయ్యా, మా ఇంటి ఆవరణలోని బాదం చెట్టును తొలగించుటకు నాకు అభ్యంతరము కలదు. కారణములు రెండు. ఒకటి, చెట్టు తీసి కట్టదలచిన గది నా వైద్యము కొరకు. రెండు, ఆ వైద్యము నాకు వద్దు. ఇప్పుడు జరుగుచున్న వైద్యము కూడా వద్దు. ఈ విషయము నన్ను ఎవరూ అడగలేదు గనుక ఇంతవరకు ఎవరికీ చెప్పియుండలేదు. తమరు అడిగినారు గనుక తెలుపుకొనుచున్నాను."

బెంచీ నా వెనకే ఉంది. కూర్చున్నాను.

గుమాస్తా చాలాసేపు వేరే కాగితాలు సర్దుతూ ఉండిపోయాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "రెండో కారణం చెట్లకి సంబంధించింది కాదమ్మా. నియమం ప్రకారం ఈ అభ్యంతరాన్ని కొట్టేయొచ్చు. నాకు చేతులు రాలేదు."

"ఇప్పుడేం చేయాలండీ?"

"అభ్యంతరం వచ్చింది కాబట్టి విచారణ పెట్టాలి. వచ్చే సోమవారం పదింటికి. ఇరుపక్షాలూ హాజరు కావాలి." ఆ మాట అనేశాక తనే ఇబ్బందిపడ్డాడు. "అభ్యంతరం నకలు అర్జీదారుకి అందజేయాలి. తీసుకెళ్లి ఆవిడకివ్వండి. అందినట్టు ఇక్కడ మీ సంతకం." వేలు పెట్టి చూపించాడు.

*

ఇంటికి వచ్చేసరికి మా ఆయన పనిలోకి వెళ్లిపోయాడు. చిట్టి డాబా మీద ఉంది. అత్తయ్య మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అది మంగళవారం. ఆస్పత్రి మర్నాటి నీరసం మొహంలో తెలుస్తోంది, ఒక తువ్వాలు మడిచి కాసేపు ఆగి ఇంకోటి అందుకుంటోంది. నేను కాగితం పక్కన పెట్టాను.

"మీకు నకలు ఇమ్మన్నారు."

ఆవిడ చూసింది. నవ్వింది. "పద్ధతిగానే చేస్తున్నారు."

"నాతో చెప్పొచ్చు కదా అత్తయ్యా."

"నీతో చెబితే నువ్వు వాడితో చెబుతావు. వాడు డాక్టరుతో చెబుతాడు. డాక్టరు నాతో చెబుతాడు. లైను తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది. ఏం లాభం?"

నేనూ ఒక తువ్వాలు తీసుకున్నాను.

"ఇంట్లోనే అయితే ఈ తిరుగుడు ఉండదు కదా. సూదులుండవు. అందుకే కదా గది."

"సోమవారం అక్కడ. మంగళవారం దాని అలసట. బుధవారం మళ్లీ అక్కడ. ఇప్పుడు నాకంటూ ఆదివారం ఒక్కటి మిగులుతోంది. రోజూ నాలుగుసార్లంటే ఆ ఆదివారం కూడా ఇచ్చేయాలి." చేతి మీది నల్లటి మచ్చలు రెండో చేత్తో కప్పుకుంది. "మీరు నన్ను బాగా చూసుకున్నారే. అందులో వంకేమీ లేదు. రెండేళ్లు సరిపోయింది."

"ఆపేస్తే ఏమవుతుందో తెలుసా మీకు?"

"నర్సుని అడిగాను. రెండు వారాలు, మహా అయితే మూడు అంది. చివర్లో మత్తుగా ఉంటుందట. నొప్పి ఉండకుండా మందులిస్తారట." ఊరు వెళ్లే బస్సు గురించి చెబుతున్నట్టు చెప్పింది. "మొదట్లో వాడు చెట్టు కొట్టేస్తానంటే మంచిదే అనుకున్నాను. గది కడుతూ ఉంటే వాడికి ఊరట. కట్టడం అయ్యేలోపు నేనే పోతే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఆ మేస్త్రీ మాట విన్నాను చూడు, పైకి ఆకుపచ్చగా ఉంటుందని. అలా ఉండటం నావల్ల కాదనిపించింది."

నా చేతిలోని తువ్వాలు అప్పటికి మూడుసార్లు మడిచి విప్పాను.

"పన్నెండు పేజీలు చదివావు," అంది అత్తయ్య. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. "చాలా శ్రద్ధగా చదివావు. నీ సంగతి నాకు తెలుసు, ఒక్క అక్షరం వదలవు. కొలత కూడా రెండుసార్లు తీశావు."

అంతే అంది. మిగిలింది నాకు నేనే వినిపించుకున్నాను. గూట్లో గుడ్లున్నాయా అని చూడమన్న రూలు చదివాను. పక్కింటి గోడ, రోడ్డు మీది నీడ, వీధిలో నడిచే మనిషి, అందరి గురించీ చదివాను. ఆవిడని అడగలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో మాత్రం చూపించాను.

"ఆయనకి మీరే చెప్పండి," అన్నాను చివరికి.

"వాడి మొహం చూస్తూ చెప్పలేనే. చెప్పగలిగితే నోటీసు దాకా ఎందుకు ఆగుతాను? ఆ కాగితం వాడికి చూపించు. రాతలో చెబితే అడ్డం రాడు."

*

మా ఆయన ఆ కాగితం నిలబడే చదివాడు. చదివి వెనక్కి తిప్పి చూశాడు, వెనక ఇంకేమైనా ఉందేమో అన్నట్టు. వెనక చిట్టి వేసిన గుణకారం ఉంది.

"భయపడుతోంది," అన్నాడు. "గొట్టం అంటే భయం. డాక్టరుతో మాట్లాడిస్తాను."

"భయపడటం లేదండీ. నేను మాట్లాడాను."

"నువ్వు మాట్లాడావా? ఏం మాట్లాడావు? సరే అన్నావా?"

"నేనేమీ అనలేదు."

"నీ రూల్సు," అన్నాడు. "మేస్త్రీ చెప్పినట్టు చేసి ఉంటే నోటీసూ ఉండేది కాదు, అభ్యంతరమూ ఉండేది కాదు. మా అమ్మకి ఆ కాగితం రాసే అవకాశమే వచ్చేది కాదు. గోడలు లేచేవి. గది ఉంటే ఆవిడే అలవాటు పడేది."

ఆయన అన్నది నిజమే. చెట్టుకి మందు పోసి ఉంటే ఆవిడ నోరు విప్పేది కాదు. దానికి నేను సంతోషించాలో ఏడవాలో అప్పుడూ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

బుధవారం అత్తయ్యని ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆయనే. శుక్రవారం నాలుగు గంటలూ ఆవిడ మంచం పక్క స్టూలు మీదే కూర్చున్నాడట. అంతకుముందెప్పుడూ ఆయన అలా కూర్చోలేదు. దింపి పనికి వెళ్లి, అయ్యే వేళకి వచ్చేవాడు. ఆ నాలుగు గంటలు ఎలా ఉంటాయో ఆయన మొదటిసారి చూశాడు. మధ్యలో ఆవిడకి చలి పుట్టి వణికింది. రెండు దుప్పట్లు కప్పారు. ఆయన తన చొక్కా కూడా విప్పి కప్పబోతే, "లోపల బనీను చిరిగింది, తొడుక్కోరా, నలుగురూ చూస్తారు," అందట.

శనివారం తాపీ మేస్త్రీ ఫోను చేశాడు. మా ఆయన ఎత్తలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం నలుగురం కలిసి భోజనానికి కూర్చున్నాం. వారంలో ఆ ఒక్కపూటే అందరం కలిసి తినేది. అత్తయ్యకి ఉప్పు లేకుండా వేరే గిన్నెలో వండేదాన్ని. ఆ రోజు మా ఆయన ఆ గిన్నె తనే అందుకుని ఆవిడకి వడ్డించాడు. వడ్డించడం ఆయనకి అలవాటు లేదు, కంచం పక్కన కాస్త ఒలికింది.

"ఎక్కువైందిరా," అంది అత్తయ్య.

"తిన్నంత తిను."

చిట్టి ఎదురింటావిడ కారు మీద పిట్ట రెట్ట గురించి ఏదో జోకు చెప్పింది. అత్తయ్య ఒక్కతే నవ్వింది.

"అమ్మా," అన్నాడు మా ఆయన. తల కంచంలోకే ఉంది. "రేపు సోమవారం."

"అవును."

"రేపు పదింటికి మునిసిపల్ ఆఫీసులో విచారణ. ఆస్పత్రికీ పదింటికే వెళ్లాలి. రెండూ ఒకే టైముకి పడ్డాయి."

"ఎలా మరి?"

"అందుకే అడుగుతున్నాను." ఆ మాట దగ్గర ఆగాడు. మెతుకులు వేళ్లతో ఒక పక్కకి చేర్చాడు. "ఎక్కడికి వెళ్దామో నువ్వే చెప్పమ్మా."

అత్తయ్య కొడుకు వైపు చూసింది. ఎక్స్ఛేంజిలో ఉన్న రోజుల్లో అవతలి గొంతు స్పష్టంగా వినిపించేదాకా ఆవిడ ఇలాగే ఆగేదేమో.

"ఎక్కడికీ వద్దురా. ఇంట్లో ఉంటాను."

మా ఆయన తల ఊపాడు. ఒకసారి కాదు, చాలాసార్లు, ఆపడం తెలియనట్టు. తర్వాత మా అందరికీ వినిపించేలా చెప్పాడు.

"రేపు పొద్దున్నే నేను వెళ్లి అర్జీ వెనక్కి తీసుకుంటాను. డాక్టరుకి కూడా నేనే చెబుతాను. అమ్మ ఎక్కడికీ రాదు."

నేను నీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండానే కింద పెట్టాను. చిట్టి ఒకసారి నా మొహం చూసింది, ఒకసారి వాళ్ల నాన్న మొహం. పదిహేనేళ్ల పిల్ల, సగం అర్థమైంది, సగం అర్థం కాకూడదనుకుంది.

"రేపొక్క రోజేనా, నానమ్మా?" అంది.

"కాదే," అంది అత్తయ్య, కంచం దగ్గరికి లాక్కుంటూ. "ఇంక రోజూ ఇంట్లోనే."